బోధను సీమలో పరపతి సంఘముల కథ



అప్పు అను మాట వినగానే మన పెద్దలు నుదురు చిట్లింతురు. అప్పు చేసి పప్పుకూడు తినవలదని మన కందరకును చిన్ననాటనే బోధించిరి. అయినను విత్తు కొననిదే పంట లేదు. ఎద్దు కొననిదే దుక్కి లేదు. బట్టి కట్టనిదే మరమరములు లేవు. చేత కాసు లేనివాడు పనికి పూనుకొనవలెనన్న ఎవరినో యొకరిని అడుగక తప్పదు. ఎవరిని అడుగవలెను? ఏ షరతుపై అడుగవలెను? ఇచ్చువాడు ఏమి చూచి ఇచ్చును? ఈ మూడు ప్రశ్నలమీదనే మన పల్లెల నూరేండ్ల చరిత్ర నడచినది. నిజామాబాదు పట్టణమును, బోధను చెరకు సీమను ఆధారముగా గొని ఆ చరిత్రను ఈ పూట మీకు విన్నవించెదను.

నేను పండితుడను గాను. ముప్పది యేండ్లకు దగ్గరగా ఒక గ్రామ సహకార పరపతి సంఘమున లెక్కలు వ్రాసినవాడను. కాబట్టి నేను చెప్పబోవు దానిలో కొంత చదివి తెలిసికొన్నది, కొంత నా చేతిమీదుగా జరిగినది. నా చేతిమీదుగా జరిగిన దానిలో నేను సిగ్గుపడవలసినది యొకటి కలదు. దానిని దాచను.

మా తాతగారి నాటికి మా సీమలో అప్పు పుట్టు చోట్లు రెండే: షావుకారు అంగడి, దొరగారి గడి. గింజల అప్పును నాగు అనుచుండిరి. తొలకరినాడు ఒక పుట్టి వడ్లు తెచ్చుకొన్నవాడు పంటనాడు పుట్టిన్నర కొలిచి ఇయ్యవలెను. నడుమ గడచినది కొన్ని మాసములే. వడ్డీ మాత్రము అసలులో సగము. పంట పోయినచో ఆ పుట్టిన్నరయే అసలై, మరుసటి యేటికి రెండుంబావు పుట్లగును. కాగితము షావుకారుది, వ్రేలిముద్ర రైతుది. అప్పు తీర్పలేనివాడు తన్నుగాని తన కొడుకునుగాని ఋణదాతకు పనివానిగా అప్పగించుటకు భగేలా యని పేరు. నైజాం ప్రభుత్వమువారు 1936 లో భగేలా ఒప్పందములను అదుపుచేయుటకు శాసనము చేసిరి. అది కాగితముమీద నిలిచినంత త్వరగా గడివాకిట నిలువలేదు.

అయినను న్యాయముగా ఒక మాట చెప్పవలెను. షావుకారునకు రైతు సంగతి తెలియును. ఏ యింట పెండ్లి రానున్నదో, ఎవని యెద్దు ముసలిదైనదో, ఎవడు ఆడిన మాట తప్పడో వానికి బాగుగా ఎరుక. ఆ ఎరుకయే వాని మూలధనము. దానిని వాడు తన లాభమునకు వాడుకొనెను. అదే ఎరుకను ఊరి మేలుకు వాడుకొనుట ఎట్లు అను ప్రశ్నకు జవాబు మొదట దూరదేశమున దొరకెను.

జర్మనీ దేశమున ఫ్రీడ్రిహ్ విల్‌హెల్మ్ రైఫైజన్ అను గ్రామాధికారి యుండెను. 1846-47 నాటి కరవులో ఆయన కలిగినవారిని కూడగట్టి పేదలకు రొట్టె అందునట్లు చేసెను. దానముతో ఆకలి ఒక పూట తీరును గాని అప్పు తీరదని క్రమముగా గ్రహించి, 1864 లో హెడెస్‌డోర్ఫ్ అను చోట రైతులచేతనే పరపతి సంఘము పెట్టించెను. దాని నియమములు సులభమైనవి. సంఘపు పరిధి చిన్నది కావలెను. సభ్యులు ఒకరినొకరు ఎరిగియుండవలెను. ఒకడు ఎగవేసినచో అందరును బాధ్యులు. మిగులు లాభము పంచుకొనక నిలువధనముగా ఉంచవలెను. షావుకారునకున్న ఎరుకను ఊరివారందరి చేతిలో పెట్టుటయే ఇందలి కిటుకు.

మద్రాసు ప్రభుత్వోద్యోగియైన ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపాలోని ఈ సంఘములను పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదిక సమర్పించెను. మన దేశమునకును రైఫైజను వంటి మనుష్యులే కావలెనని దాని సారాంశము. అటుపిమ్మట 1904 లో బ్రిటిషు ఇండియాలో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. హైదరాబాదు రాజ్యములో అట్టి చట్టము 1914 లో, అనగా 1323 ఫసలీలో వచ్చెను. ఈ విధముగా రైఫైజను తలపు మంజీర తీరమునకు చేరెను. కాని ఒక తేడా గమనింపుడు. అక్కడ సంఘము ఊరినుండి పుట్టెను. ఇక్కడ సంఘము కచ్చేరినుండి దిగెను.

ఇంతలో మా సీమ రూపమే మారిపోయెను. ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు ఆధ్వర్యమున 1923 లో మంజీరపై నిజాంసాగరపు పని మొదలై 1931 లో ముగిసెను. కాలువ బాన్సువాడ, వర్ని, బోధను ప్రాంతములగుండ పారెను. నీరు పారినచోట మనుష్యులు చేరిరి. కృష్ణా, గోదావరి, గుంటూరు సీమలనుండి రైతుకుటుంబములు వచ్చి నేలలు కొని స్థిరపడినవి. నేటికిని మా ప్రాంతమున క్యాంపు అను మాటతో ముగియు ఊరి పేర్లు వారి రాకకు గురుతులే. 1937 లో బోధనుకడ నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. 1929 లో ప్రభుత్వము ఏర్పరచిన పారిశ్రామిక నిధి దానికి అండ. ఆ తావునకు శక్కరునగరమని పేరు. ఒకప్పుడు ఆసియాఖండముననే మిక్కిలి పెద్ద చక్కెర కర్మాగారములలో నొకటిగా దానిని లెక్కించెడివారు.

చెరకు వచ్చుటతో అప్పు రీతియు మారెను. చెరకు ఇంచుమించు యేడాది పైరు. అంతకాలము ముచ్చెలకు, ఎరువునకు, కూలికి పెట్టుబడి కావలెను. మా తండ్రిగారు పరపతి సంఘమున అప్పు తీసికొనెడివారు. నరికిన చెరకును బండ్లకెత్తి కర్మాగారపు కాటాకడ రాత్రులు కాచియుండెడివారు. ఆ బండ్ల వరుసలో నేనును నిదురించినవాడనే. తూకమైన తరువాత వచ్చు బిల్లులో సంఘపు అప్పు, ఎరువు బాకీ, ముచ్చెల బాకీ కోసివేసి, మిగిలినది మాత్రమే చేతికి వచ్చుచుండెను. అందువలన సంఘపు వసూళ్లు చక్కగా సాగెను. మా సంఘమున బాకీ నిలువదని మేము గర్వపడితిమి. అది మా మాటయొక్క బలము కాదనియు, కాటాయొక్క బలమనియు అప్పుడు మాకు తోచలేదు. ఈ సంగతి మీరు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప రిజర్వు బ్యాంకువారు దేశమంతట పల్లెటూరి అప్పులను పరిశీలింపజేసిరి. గోర్వాలాగారి అధ్యక్షతన 1954 లో వెలువడిన ఆ నివేదిక ప్రకారము, 1951-52 లో రైతు చేసిన ప్రతి 100 రూపాయల అప్పులో సహకార సంఘములు ఇచ్చినది 3 రూపాయల చిల్లర మాత్రమే. బ్యాంకులు ఇచ్చినది ఒక్క రూపాయి కూడ కాదు. వడ్డీవ్యాపారులు ఇచ్చినది దాదాపు 70 రూపాయలు. చట్టము వచ్చి యాభై యేండ్లైనను ఫలమిది. సహకారము ఓడినదని ఒప్పుకొనుచునే, అది గెలిచి తీరవలెనని ఆ నివేదిక తీర్మానించెను. ఆ పిమ్మట ప్రభుత్వము సంఘములలో వాటాలు కొనెను. పైకము పైనుండి దండిగా వచ్చెను.

పైకము వచ్చినచోట పెత్తనమును వచ్చును. అందరును అట్లు చెడలేదు. పూర్వపు కరీంనగరు జిల్లాలోని ములుకనూరునందు అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు 1956 లో స్థాపించిన సహకార గ్రామీణ బ్యాంకు సభ్యుల పొదుపును నమ్ముకొని, వారి పంటను తానే కొని అమ్మిపెట్టుచు, పేరుకెక్కినది. కాని మాబోటి అనేక సంఘములలో అప్పు భూమిని చూచి నడచెను గాని మనిషిని చూచి నడువలేదు.

నేను చెప్పదలచిన సిగ్గుమాట ఇదియే. 1980 తరువాతి దినములలో ఒకనాడు మా సంఘపు కార్యాలయమునకు బీడీలు చుట్టుకొని బ్రతుకు ఒక స్త్రీ వచ్చెను. బీడీపని మా జిల్లాలో ఎందరు ఆడువారికి అన్నము పెట్టుచున్నదో మీ రెరుగుదురు. ఆమె మరమరములు వేయించు బట్టి పెట్టుకొందునని 500 రూపాయలు అడిగెను. నేను పట్టాపుస్తకము అడిగితిని. ఆమెకు భూమి లేదు. నియమములు అంగీకరింపవని చెప్పితిని. ఆమె వెనుకకు మరలుచు, "భూమి లేకుంటే మాటకు గూడ విలువ లేదా, పటేలా?" అనెను. నేను జవాబు చెప్పలేదు.

అదే దినమున ఇరువది యెకరముల ఆసామి యొకడు వచ్చెను. అతని పాత బాకీ గడువు దాటియున్నది. పాత బాకీ చెల్లినట్లును, అంతే మొత్తము కొత్త అప్పుగా ఇచ్చినట్లును ఒకే పూట రెండు పద్దులు వ్రాసితిని. ఒక్క రూపాయియు చేతులు మారలేదు. దానిని పుస్తకపు సర్దుబాటు అనుచుంటిమి. లెక్కలో ఆ యేడు మా సంఘము వసూళ్లలో మంచి పేరు తెచ్చుకొన్నది. నియమము తప్పనిది ఆ తల్లి విషయములో. నియమము వంగినది ఆ ఆసామి విషయములో. ఆ రెండు పనులును చేసినది నా కలమే.

ఈ లోపల పైనుండి మరికొన్ని మార్పులు వచ్చెను. 1969 లో 14 పెద్ద బ్యాంకులను జాతీయము చేసిరి. 1975 లో గ్రామీణ బ్యాంకులు మొదలయ్యెను. నిజామాబాదు జిల్లాకు శ్రీరామ గ్రామీణ బ్యాంకు వచ్చెను. అది 2006 లో మరి మూడింటితో కలసి దక్కను గ్రామీణ బ్యాంకుగాను, తెలంగాణ రాష్ట్రము వచ్చిన పిదప 2014 లో తెలంగాణ గ్రామీణ బ్యాంకుగాను మారెను. 1987 లో సహకార సంఘములను ఏకగవాక్ష పద్ధతిలోనికి తెచ్చి, అన్ని విధముల అప్పులును ఒకే సంఘమున దొరకునట్లు చేసిరి. 1990 లో 10,000 రూపాయల వరకును, 2008 లో మరల విస్తారముగాను రైతుల బాకీలు మాఫీ చేసిరి. మాఫీ కష్టములోనున్నవానికి ఊరట యనుట నిజము. అయితే వేళకు కట్టినవాడు వెర్రివాడను తలంపు పుట్టించుటయు నిజము. సంఘమనగా మనది అను భావము అప్పటికే పలుచబడినది. ఇప్పుడది సర్కారుది అను భావము గట్టిపడెను.

కొత్త వెలుగు మేము లెక్కింపని దిక్కునుండి వచ్చెను. 1982-83 లో డ్వాక్రా అను పేరుతో గ్రామీణ స్త్రీల సంఘములకు పథకము పుట్టెను. 1992 లో నాబార్డువారు 500 సంఘములను బ్యాంకులతో ముడిపెట్టి పరీక్షింప నిశ్చయించిరి. అదే కాలమున నెల్లూరు జిల్లా దూబగుంటనుండి లేచిన సారా వ్యతిరేకోద్యమము స్త్రీలను ఒకచోట కూర్చుండుటకు అలవాటు చేసినది. సారాకు పోవు రూపాయి పొదుపు పెట్టెలోనికి పోవలెనను మాట ఆ ప్రాంతమున పుట్టి రాష్ట్రమంతట వ్యాపించెను.

ఆ సంఘముల పని తీరు చూడుడు. పదిమంది మొదలు పదునైదుమంది స్త్రీలు, ఒకే వాడవారు. దినమునకు ఒక రూపాయి చొప్పున నెలకు 30 రూపాయలు దాచుదురు. వారు మొదట అప్పు అడుగలేదు, మొదట దాచిరి. కొన్ని మాసములు గడచిన పిదప ఆ పైకమునే తమలో తాము అప్పుగా ఇచ్చుకొనిరి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ సాధారణము. ఇది మా సంఘపు వడ్డీకంటె హెచ్చు. అయినను ఆ వడ్డీ మరల వారి పెట్టెకే చేరును. వారి లెక్కలు నిలుకడగా నున్నవని చూచి బ్యాంకు పొదుపునకు కొన్ని రెట్లు అప్పిచ్చును. పట్టా అక్కరలేదు, పదిమంది మాటయే పూచీ. రైఫైజను చెప్పినది ఇదియే గదా! మా మగవారి సంఘము అరువది యేండ్లలో నేర్వనిదానిని, అక్షరము రాని తల్లులు పదునెనిమిది మాసములలో నేర్చుకొనిరి.

1995 లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము చేసెను. ప్రభుత్వపు వాటా లేక, అధికారి జోక్యము లేక, సభ్యులే నడుపుకొను సంఘములకు ఇది దారి యిచ్చెను. మన నిజామాబాదులో ఇందూరు ఇంటిదీపము అను పేర నడచిన మహిళల సమాఖ్య ఆ చట్టపు నీడలోనిదే. 2000 సంవత్సరమున గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ యేర్పడి, వాడ సంఘములను గ్రామ సంఘములుగాను, వానిని మండల సమాఖ్యలుగాను కూర్చెను. 2011 లో ఈ సమాఖ్యలకు స్త్రీనిధి అను సొంత పరపతి సంస్థయు ఏర్పడెను.

నేను తిప్పి పంపిన ఆ తల్లియు మా ఊరి సంఘమొకదానిలో చేరెను. రెండవ యేట 2,000 రూపాయలు తీసికొని బట్టి కట్టెను. సంతకు పోయిన వారము కిస్తు కట్టెను. వానకు సంత చెడిన వారము పదిమందికి చెప్పి మరుసటి వారము కట్టెను. ఆమె పని ఎట్టిదో ఆ పదిమందికి తెలియును గనుక ఎవరును తొందరపడలేదు.

ఇంత చక్కని తెరువు చూచి వ్యాపారము ఊరకుండునా? మంజీరకు ఆవలనున్న నారాయణఖేడు ప్రాంతమున 1997 లో స్థాపితమైన ఎస్‌.కె.ఎస్‌. అను సేవాసంస్థ, బంగ్లాదేశమున మహమ్మదు యూనసుగారు 1976 లో జోబ్రా గ్రామమునుండి మొదలుపెట్టిన పద్ధతిని అనుసరించి, పేద స్త్రీలకు చిన్న అప్పులు ఇయ్యసాగెను. కాలక్రమమున అది కంపెనీగా మారి, 2010 ఆగస్టులో తన వాటాలను ప్రజలకు అమ్మెను. దానివలెనే మరికొన్ని కంపెనీలును రాష్ట్రమంతట విస్తరించెను. తెచ్చిన పెట్టుబడికి లాభము చూపవలెను; లాభమునకై అప్పులు పెంచవలెను. ఒకే యింటికి ముగ్గురు నలుగురు అప్పు ఇచ్చిరి. ఒకరి కిస్తునకు మరియొకరికడ అప్పు తెచ్చు స్థితి వచ్చెను. వారపు కిస్తు తప్పినచో ఆ స్త్రీ వాకిట తక్కిన సభ్యురాండ్రను కూర్చుండబెట్టు వాడుకయు వచ్చెను.

పెద్దలారా, ఇక్కడ మనము ఆగి ఆలోచింపవలెను. రైఫైజను నాటి పొరుగువారి ఎరుకయే ఇదియు. పదిమంది పూచీయే ఇదియు. కాని పెట్టెలోని పైకము వారిది కాదు. గడువు వారు పెట్టినది కాదు. ఎరుక పొరుగువారిది, లాభము పరాయివారిది. అప్పుడు పొరుగే పీడయైనది. ఆత్మహత్యల వార్తలు పెచ్చుపెరుగగా, 2010 అక్టోబరు 15 న రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసెను. సంస్థలు జిల్లాలో నమోదు కావలెను. ఇంటికడ కాక బహిరంగ స్థలమున వసూలు చేయవలెను. వారమున కాక నెలకు కిస్తు పెట్టవలెను. వడ్డీ అసలును మించరాదు. వడ్డీ అసలును మించరాదనుట మన ధర్మశాస్త్రములలోని పాత నియమమే. దామ్‌దుపట్ అని న్యాయస్థానములు దాని నెరుగును. ఆర్డినెన్సు పిదప కంపెనీల వసూళ్లు చాలవరకు నిలిచిపోయెను. వేధింపు తగ్గెను, అయితే నిజముగా అవసరమున్నవారికి ఆ ద్వారమును మూతపడెను. రిజర్వు బ్యాంకు 2011 లో ఇట్టి కంపెనీలకు ప్రత్యేక నియమములు చేసెను; 2022 లో ఒక కుటుంబము కట్టవలసిన కిస్తులు దాని నెలసరి రాబడిలో సగము మించరాదని విధించెను. రిజర్వు బ్యాంకు అదుపులోని కంపెనీలకు ఆ రాష్ట్రచట్టము వర్తింపదని 2023 లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పెను. కాబట్టి వారి బండ్లు మరల మన వీధులలో కనబడుట సహజము.

ఇక కాటా సంగతి. చక్కెర కర్మాగారము 2002 లో ప్రైవేటు పెత్తనము క్రిందికి పోయెను. 2015 డిసెంబరులో మూతపడెను. సారంగాపురమునందలి రైతుల సహకార చక్కెర కర్మాగారము అంతకు ముందే ఆగిపోయెను. బోధను కర్మాగారమును మరల తెరచుటను పరిశీలింప 2024 లో ప్రభుత్వమొక సంఘమును నియమించెను. పొగగొట్టము చల్లబడిన నాడు మా సీమ కోల్పోయినది కూలియు చెరకును మాత్రమే కాదు. బిల్లులో బాకీ కోసికొను కాటా పోగానే, దానిమీద నిలిచిన పరపతియు కూలెను. ఒకరినొకరు నమ్ముట మేము నేర్చుకొనలేదు; నేర్చుకొన నవసరము మాకు కలుగలేదు. ఆ మాసముననే మా వెనుక వీధిలో స్త్రీలు ఎప్పటివలె కూర్చుండి తమ పొదుపు తాము కట్టుకొనిరి. వారి సంఘములయందును లోపములు లేకపోలేదు. నాయకురాలు తనవారికే ముందు ఇచ్చుట కలదు; బట్టికని తెచ్చిన పైకము వైద్యమునకు పోవుట కలదు. అయినను ఒక కర్మాగారము మూతపడినంత మాత్రమున అవి మూతపడలేదు.

బట్టి కట్టిన ఆ తల్లి కాలము చేసినది. ఆమె కోడలు దానిని నడుపుచున్నది. మొన్న నేను మరమరములకై పోగా నా 500 రూపాయల నోటుకు ఆమెకడ చిల్లర లేదు. "రేపియ్యిరి పటేలా, ఏం పోతది" అనెను. నేను పొట్లము తీసికొని మారుమాట లేక ఇంటికి వచ్చితిని.

గ్రామవృద్ధులారా, మీ ఊరికి ఏ పేరుతో అప్పు వచ్చినను మూడు మాటలు అడుగుడు. ఈ పెట్టెలో మావారు దాచిన రూపాయి ఎంత? ఇచ్చువానికి తీసికొనువాని పని తెలియునా? పని ఫలించు కాలమును బట్టి కిస్తు పెట్టిరా? మూడింటికిని మంచి జవాబు వచ్చినచో ధైర్యముగా చేయి చాపుడు. రానిచో ఊరి నడుమ లెక్కలపుస్తకము చదివింపుమని అడుగుడు. లెక్కలు వ్రాసినవాడను గనుక చెప్పుచున్నాను: పదిమందిలో పైకి చదువవలసిన పద్దును తప్పుగా వ్రాయుటకు ఏ చేయియైనను వణకును.